అలసిన గుండె – ఆగని అన్వేషణ

పాఠ్యాంశ ఉద్దేశం

ఒక వ్యాధికి మందు దొరకడం వేరు. ఆ మందు ప్రాణం నిలుపుతుందని రుజువు కావడం వేరు. హృదయ వైఫల్యానికి జరిగిన చికిత్సల చరిత్ర ఆధారంగా వైద్య పరిశోధన సాగే తీరును, అందులో గోదావరి జిల్లాల పల్లెలు వహించిన పాత్రను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు విస్తరించి ఉంది. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు, అనేక కాలువలు మోసుకువచ్చిన నీరు ఇందులో చేరుతుంది. ఆ నీటిని బంగాళాఖాతానికి చేర్చే దారి ఉప్పుటేరు. అది సక్రమంగా పారినంతకాలం కొల్లేరు నిండుగా, నిశ్చలంగా ఉంటుంది. ఉప్పుటేరులో పూడిక పేరుకున్నా, గుర్రపుడెక్క అడ్డుపడినా, వచ్చే వరదకు దీటుగా నీరు దిగువకు పోలేకపోయినా సరస్సు ఎగదన్నుతుంది; లంక గ్రామాల దారులు నీట మునుగుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఈ ప్రాంతం అనుభవించినది అదే. నీరు నిలవడం పైకి కనిపించే లక్షణం మాత్రమే. నీటిని ముందుకు పంపే శక్తి చాలకపోవడం అసలు కారణం.

హృదయ వైఫల్యం అనే వ్యాధిని అర్థం చేసుకోవడానికి ఈ పోలిక చక్కగా ఉపకరిస్తుంది. గుండె పిడికెడంత కండరం. విశ్రాంతిలో ఉన్నప్పుడు సైతం అది నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని దేహమంతటికీ పంపుతుంది. రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఆ కండరం బలహీనపడినప్పుడో, బిరుసెక్కినప్పుడో రక్తం తగినంతగా ముందుకు సాగదు, వెనుకకు ఎగదన్నుతుంది. ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసం కలుగుతుంది. రోగి వెల్లకిలా పడుకోలేడు. నడిరాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటాడు. పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. వ్యాధి ముదిరితే పొట్టలోను నీరు చేరుతుంది. పూర్వులు జలోదరం అని పిలిచిన వ్యాధికి గల కారణాలలో ఇదొకటి.

గుండెపోటుకు, హృదయ వైఫల్యానికి భేదం ఉంది. గుండెకు రక్తాన్ని అందించే నాళం హఠాత్తుగా మూసుకుపోవడం గుండెపోటు. హృదయ వైఫల్యం అంటే గుండె ఆగిపోవడం కాదు. చేయవలసిన పనిని తగినంతగా చేయలేకపోవడం. గుండెపోటులో దెబ్బతిన్న కండరం కాలక్రమంలో ఈ స్థితికి రావచ్చు. చిన్ననాటి కీళ్లవాతపు జ్వరం వల్ల చెడిన కవాటాలు, మధుమేహం, మద్యపానం కూడా ఇందుకు దారితీస్తాయి. అన్నింటికన్నా సాధారణమైన కారణాలలో ఒకటి రక్తపోటు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో హమాలీ బస్తాలు మోస్తాడు. మోయగలిగిన బరువైతే అతని కండలు గట్టిపడతాయి. విశ్రాంతి లేకుండా, మోయలేని బరువును ఏళ్ల తరబడి మోయిస్తే ఎంతటి బలవంతుడైనా కుంగిపోతాడు. అధిక రక్తపోటుకు ఎదురుగా రక్తాన్ని నెట్టే గుండె గతి కూడా అంతే. మొదట దాని గోడలు మందమవుతాయి. తరువాత సాగి, నీరసిస్తాయి.

గుండెకు కావలసిన శక్తి ఎక్కడనుండి వస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినవారిలో పశ్చిమ గోదావరి బిడ్డ ఒకరున్నారు. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. అమెరికాలోని హార్వర్డ్ వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వారిద్దరు 1925లో ప్రకటించారు. ఆ పద్ధతి సాయంతో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏటీపీ అనే పదార్థాన్ని 1929లోను గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. కండరం ముడుచుకోవడానికి ఏటీపీ ఇంధనం. ఫాస్ఫోక్రియాటిన్ దానికి తక్షణ నిల్వ. గుండెలో ఏటీపీ నిల్వ కొన్ని సెకన్ల పనికి మాత్రమే సరిపోతుంది. అందువల్ల అది నిరంతరం తయారవుతూ ఉండాలి. బలహీనపడిన గుండెలో ఈ ఇంధన వ్యవస్థ కుంటుపడుతుందని తరువాతి పరిశోధకులు గ్రహించారు.

గుండె నీరసించిందంటే దానిని బలంగా కొట్టుకునేట్లు చేయాలన్న ఆలోచన ఎవరికైనా సహజంగా తోస్తుంది. ఈ మార్గంలో మొదటి ప్రసిద్ధమైన మందు డిజిటాలిస్. ఇంగ్లండుకు చెందిన వైద్యుడు విలియం విదరింగ్, ఒక పల్లెటూరి వృద్ధురాలు రహస్యంగా దాచుకున్న మూలికా వైద్యంలో ఫాక్స్‌గ్లోవ్ అనే పూలమొక్క ఆకు గుణాన్ని గుర్తించాడు. ఆ ఆకుతో పదేళ్లపాటు తాను చేసిన చికిత్సల వివరాలను 1785లో గ్రంథంగా ప్రకటించాడు. గుణం కనిపించిన రోగులతోపాటు కనిపించని రోగులను గూర్చి కూడా అందులో రాశాడు. నిజాయితీ గల ఆ రాత వైద్య పరిశోధనకు చక్కని ఒరవడి అయింది.

అయినా ఒక వైద్యుడు తన రోగులను చూసి ఏర్పరచుకున్న అభిప్రాయం సంపూర్ణ సత్యం కాజాలదు. మందు వాడినవారిలో కొందరు మందు లేకపోయినా కోలుకునేవారే కావచ్చు. చనిపోయినవారు మందు వల్ల చనిపోయారో, మందు ఉన్నా చనిపోయారో తెలియదు. ఈ సందేహాన్ని తీర్చడానికి ఇరవయ్యో శతాబ్దంలో ఒక పద్ధతి స్థిరపడింది. ఒకే రకమైన వ్యాధి గలవారిని, చీట్లు వేసి పంచినట్లు, రెండు వర్గాలుగా విడదీస్తారు. ఒక వర్గానికి మందు, మరొక వర్గానికి చూపుకు అచ్చం అలాగే ఉండే మందులేని మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియదు, వైద్యునికీ తెలియదు. రెండు వర్గాలకూ అప్పటికి అందుబాటులో ఉన్న సాధారణ చికిత్స కొనసాగుతుంది. పరిశోధనతో సంబంధం లేని నిపుణుల సంఘం మధ్యమధ్య ఫలితాలను పరిశీలిస్తుంది. మందు మేలు స్పష్టమైనా, కీడు స్పష్టమైనా ప్రయోగాన్ని గడువుకు ముందే నిలిపివేస్తుంది.

ఈ పరీక్షకు గురైనప్పుడు డిజిటాలిస్ నుండి వచ్చిన డిగాక్సిన్ సగం మాత్రమే నెగ్గింది. 6,800 మంది రోగులపై జరిగి 1997లో వెలువడిన అధ్యయనంలో అది ఆసుపత్రిలో చేరవలసిన అవసరాన్ని తగ్గించింది, మరణాలను తగ్గించలేదు. మరొక మందు కథ ఇంకా విషాదకరమైనది. మిల్‌రినోన్ గుండె కండరాన్ని గట్టిగా ముడుచుకునేట్లు చేస్తుంది. తీవ్ర వ్యాధి గల 1,088 మందికి దానిని మాత్రల రూపంలో ఇచ్చి చూసిన అధ్యయనం ఫలితాలు 1991లో ప్రచురితమయ్యాయి. మందులేని మాత్ర తీసుకున్నవారిలో 24 శాతం మరణించగా, మిల్‌రినోన్ తీసుకున్నవారిలో 30 శాతం మరణించారు. బరువు లాగలేక కూలబడుతున్న ఎద్దును చర్నాకోలతో కొడితే నాలుగడుగులు వేగంగానే వేస్తుంది. ఆ తరువాత లేవదు. గుండె విషయంలోనూ అదే జరిగింది.

ఇందుకు పూర్తిగా విరుద్ధమైన దారిని తొక్కినవారు స్వీడన్ దేశంలోని గోథెన్‌బర్గ్ వైద్యులు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు అనే మందులు ఆ రోజుల్లో బలహీన హృదయానికి నిషిద్ధం. ఫిన్ వాగ్‌స్టైన్, ఆయన సహచరులు ఆ మందులను ఏడుగురు రోగులకు జాగ్రత్తగా ఇచ్చి, వారు కోలుకోవడం గమనించి, 1975లో ఆ విషయాన్ని ప్రకటించారు. వైద్యలోకం వెంటనే నమ్మలేదు. ఏడుగురి అనుభవం వేలమందికి ప్రమాణం కాదు గనుక ఆ సందేహం సమంజసమే. సందేహం తీరడానికి 24 ఏళ్లు పట్టింది. 1999లో రెండు పెద్ద అధ్యయనాలు వెలువడ్డాయి. 2,647 మంది పాల్గొన్న ఒకదానిలో మందులేని మాత్ర పొందినవారిలో సుమారు 17 శాతం, బిసోప్రొలాల్ పొందినవారిలో సుమారు 12 శాతం మరణించారు. 3,991 మందితో మెటోప్రొలాల్‌పై జరిగిన రెండవదానిలోనూ మరణాలు మూడవ వంతు మేర తగ్గాయి. మేలు స్పష్టం కావడంతో రెండింటినీ గడువుకు ముందే ఆపివేశారు. కొరడా దెబ్బకు లేవని ఎద్దు విశ్రాంతితో తేరుకున్నట్లు, వేగం తగ్గించిన గుండె బలం పుంజుకుంది.

దీని వెనుక గల కారణం ఆసక్తికరం. రక్తం చాలినంతగా అందనప్పుడు దేహం దానిని ఆపదగా భావిస్తుంది. అడ్రినలిన్ వంటి రసాయనాలను విడుదల చేసి గుండెను తరుముతుంది. మూత్రపిండాలు ఉప్పును, నీటిని బయటికి పోనీయక నిలవచేస్తాయి. గాయపడి రక్తం కోల్పోయిన మనిషిని ఈ ఏర్పాటు కాపాడుతుంది. బలహీన హృదయం గలవానికి మాత్రం, పొంగుతున్న చెరువులోకి మరికొన్ని తూములు ఎత్తినట్లు అవుతుంది. నేటి మందులలో అనేకం ఈ తొందరపాటును అణచేవే. ఎనలాప్రిల్‌పై 1987లో వెలువడిన అధ్యయనంలో 253 మంది తీవ్ర రోగులు పాల్గొన్నారు. ఆరు నెలలలో మందులేని వర్గంలో 44 శాతం, మందు పొందిన వర్గంలో 26 శాతం మరణించారు. స్పిరోనోలాక్టోన్ మరణాలను 30 శాతం తగ్గిస్తుందని 1999లో తేలింది. మధుమేహానికి ఉద్దేశించిన డాపాగ్లిఫ్లోజిన్, మధుమేహం లేని హృదయ రోగులకు సైతం మేలు చేస్తుందని 4,744 మందితో జరిగి 2019లో వెలువడిన అధ్యయనం నిరూపించింది. ఆ అధ్యయనంలో భారతీయ రోగులు కూడా ఉన్నారు.

ఈ లెక్కలన్నీ ఆసుపత్రికి చేరినవారివి. చేరనివారి సంగతి ఏమిటి? పల్లెలలో అనేక మరణాలు ఇంటిలోనే సంభవిస్తాయి. మరణ కారణాన్ని ధ్రువీకరించే వైద్యుడు ఉండడు. "ఆయాసంతో పోయాడు", "ఒంటికి నీరు పట్టి పోయింది" అన్న మాటలతో ఆ కథ ముగుస్తుంది. ఈ లోటును తీర్చడానికి గోదావరి జిల్లాలలో ఒక గొప్ప ప్రయత్నం జరిగింది. బైర్రాజు ఫౌండేషన్, సిడ్నీకి చెందిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదులోని కేర్ ఫౌండేషన్ మొదలైన సంస్థలు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమాన్ని చేపట్టాయి. 45 గ్రామాలలోని 1,80,162 మంది జనాభాలో ఒక ఏడాది కాలంలో సంభవించిన 1,354 మరణాలను నమోదు చేశారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు మృతుల ఇళ్లకు వెళ్లి, చివరి రోజులలో కనిపించిన లక్షణాలను కుటుంబ సభ్యుల నుండి ఓపికగా అడిగి రాసుకున్నారు. వైద్యులు ఆ వివరాలను చదివి మరణ కారణాన్ని నిర్ణయించారు.

2006లో ప్రచురితమైన ఫలితాలు ఆలోచింపజేసేవి. పల్లెలలో అంటువ్యాధులే ప్రధాన మృత్యు కారణాలన్న నమ్మకం అప్పటివరకు బలంగా ఉండేది. ఈ గ్రామాలలో అంటువ్యాధుల వల్ల సంభవించిన మరణాలు 12 శాతం. గుండె, రక్తనాళాల వ్యాధుల వల్ల, అంటే గుండెపోటు, పక్షవాతం మొదలైన వాటి వల్ల సంభవించినవి 32 శాతం. పచ్చని వరిచేల నడుమ, ప్రతి మూడు మరణాలలో దాదాపు ఒకటి పట్టణాల జబ్బుగా భావించిన వ్యాధి వల్ల కలిగిందన్నమాట. దుఃఖంలో ఉన్నప్పటికీ వచ్చినవారికి పీట వేసి, జ్ఞాపకం ఉన్నంతవరకు వివరంగా చెప్పిన ఆ కుటుంబాలు లేకపోతే ఈ సత్యం వెలుగులోకి వచ్చేది కాదు.

కారణం తెలిసిన తరువాత నివారణ ప్రయత్నాలు మొదలయ్యాయి. గుండెజబ్బు ముప్పు ఉన్నవారు నాలుగైదు మందులు రోజూ వాడడం కష్టమని, వాటినన్నింటిని ఒకే మాత్రలో చేర్చితే ఎలా ఉంటుందని పరిశోధకులు ఆలోచించారు. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ తయారుచేసిన అటువంటి మాత్రను భారతదేశంలోను, ఐరోపాలోను 2,004 మందిపై పరీక్షించారు. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం ఒకే మాత్ర పొందినవారిలో 86 శాతం, విడివిడి మందులు వాడినవారిలో 65 శాతం క్రమం తప్పకుండా చికిత్స కొనసాగించారు.

మరొక అధ్యయనం పశ్చిమ గోదావరి జిల్లాలోని 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, 54 గ్రామాలలో జరిగింది. ఆశా కార్యకర్తలు చేతిలో ఇమిడే కంప్యూటరు పలకతో ఇంటింటికి వెళ్లి రక్తపోటు చూసి, ముప్పు ఉన్నవారిని గుర్తించి వైద్యుని వద్దకు పంపారు. 2019లో ప్రకటించిన ఫలితం ఆశించినట్లు లేదు. ఈ పద్ధతి అమలైన గ్రామాలకు, అమలుకాని గ్రామాలకు రక్తపోటు అదుపులో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పరిశోధకులు ఆ సంగతిని దాచలేదు. వ్యాధిని గుర్తించడం మొదటి మెట్టు మాత్రమే. ఆ తరువాత వైద్యుడు అందుబాటులో ఉండాలి, మందు నెలనెలా అందాలి, రోగి దానిని విడువక వాడాలి. విఫలమైన అధ్యయనం కూడా దారి చూపుతుంది.

పరిశోధనకు ప్రాణం విశ్వాసం. అందులో పాల్గొనే ప్రతివారికీ లాభనష్టాలు వారి భాషలో తెలియాలి. కాదనే హక్కు, నడుమ తప్పుకొనే హక్కు ఉండాలి. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు టీకా వేసిన ఒక అధ్యయనంలో తల్లిదండ్రులకు బదులుగా హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాలపై సంతకాలు చేయడం తీవ్ర విమర్శకు గురైంది. ఆ అధ్యయనం 2010లో నిలిచిపోయింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నాటి నివేదికలో దానిని తప్పుపట్టింది. వైద్య ప్రయోగాలను ముందుగానే బహిరంగంగా నమోదు చేయాలన్న నిబంధన దేశంలో 2009 నుండి అమలులో ఉంది. 2019లో మరింత సమగ్రమైన నియమాలు వచ్చాయి.

ఇంత శ్రమ ఫలించినా ఒక కొరత మిగిలే ఉంది. తిరువనంతపురం జిల్లాలో 2013లో హృదయ వైఫల్యంతో ఆసుపత్రులలో చేరిన 1,205 మందిని పరిశీలించగా, వారి సగటు వయస్సు 61 ఏళ్లని, మూడేళ్లలో దాదాపు 45 శాతం మరణించారని తేలింది. నిరూపితమైన మందులన్నీ అందినవారు వారిలో తక్కువ. అందినవారు ఎక్కువకాలం జీవించారు. వ్యాధి లక్షణం తగ్గగానే మందు మానడం ఇంకొక అపాయం. మూత్రం జారీ చేసే మాత్రతో కాళ్ల వాపు వారం రోజులలో తీస్తుంది. "నీరు తీసింది, ఇక మందెందుకు?" అని రోగి అనుకోవడం సహజం. ఆయుస్సు పెంచే మందుల ప్రభావం అంత త్వరగా కంటికి కనబడదు. బీటా బ్లాకర్లను ఆయాసం తీవ్రంగా ఉన్న వేళ కాక, స్థితి కుదుటపడిన తరువాత స్వల్ప మోతాదుతో ఆరంభించి, వారాల తరబడి మెల్లగా పెంచుతారు. అవి నిలిపిన ప్రాణం రోగికి విడిగా తెలియదు. వేలమందిని పోల్చి చూసిన లెక్కలలోనే తెలుస్తుంది.

2023లో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. కొల్లేటి లంకలకు, మెట్ట గ్రామాలకు చెందిన విద్యార్థులు అక్కడ వైద్యవిద్యను అభ్యసించే అవకాశం ఏర్పడింది. రోగి చెప్పే మాటను ఓర్పుతో వినడం, విన్నదానిని సందేహించి పరీక్షించడం, తేలినదానిని మేలైనా కీడైనా ఉన్నదున్నట్లు చెప్పడం – విదరింగ్ నాటి నుండి గోదావరి పల్లెల ఆరోగ్య కార్యకర్తల వరకు ఈ విద్యకు మూలసూత్రాలు ఇవే. వైద్యశాస్త్రం వీటిని పాటించినప్పుడెల్లా అలసిన గుండెలకు మరికొంత ఆయుస్సు లభించింది.

కఠిన పదాలు – అర్థాలు

ఎగదన్ను = వెనుకకు పొంగు
దీటుగా = సమానంగా
కవాటం = తలుపు; గుండెలో రక్తాన్ని ఒకే దిశగా పోనిచ్చే పొర
ఒరవడి = అనుసరించదగిన నమూనా
నిషిద్ధం = కూడదని చెప్పినది
చర్నాకోల = పశువులను అదిలించే కొరడా
తూము = చెరువు నీటిని వదిలే మార్గం
సమ్మతి = అంగీకారం

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. హృదయ వైఫల్యాన్ని కొల్లేరు, ఉప్పుటేరులతో పోల్చి వివరించండి.
2. గుండెను బలంగా కొట్టించే మందు కీడు చేయగా, వేగం తగ్గించే మందు మేలు చేసిన తీరును పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనకు, గుండె పనికి గల సంబంధం ఏమిటి?
2. గోదావరి జిల్లాల పల్లెలలో మరణ కారణాలను ఎలా తెలుసుకున్నారు?
3. ఆశించిన ఫలితం రాని అధ్యయనాన్ని కూడా ప్రకటించడం ఎందుకు అవసరం?

ఇ. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఏరు ఏది?
2. డిజిటాలిస్‌ను గురించి విదరింగ్ గ్రంథం ఏ సంవత్సరంలో వెలువడింది?
3. 45 గ్రామాల అధ్యయనంలో గుండె, రక్తనాళాల వ్యాధుల వల్ల సంభవించిన మరణాలు ఎంత శాతం?

ఈ. సంధులు
జలోదరం = జల + ఉదరం – గుణసంధి
విద్యాలయం = విద్యా + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి

ఉ. సమాసాలు
మృత్యు కారణం = మృత్యువునకు కారణం – షష్ఠీ తత్పురుష సమాసం
లాభనష్టాలు = లాభమును, నష్టమును – ద్వంద్వ సమాసం